గ్యాస్ వదిలే ముందు గొట్టాన్ని పరీక్షించారా?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: ఇంటి యంత్రాలు

ఎండలు ముదరగానే ఈ శీర్షికకు ఏసీల గురించిన ఉత్తరాలు ఎక్కువవుతాయి. చల్లదనం తగ్గిందనీ, ఏటా గ్యాస్ నింపించాల్సి వస్తోందనీ రాసే వారి ఇబ్బందిని వెనక్కి తవ్వుకుంటూ పోతే చాలాసార్లు ఏసీ బిగించిన రోజు దగ్గరకే చేరుకుంటాం. ఆ రోజు రాగి గొట్టాలకు లీకేజీ పరీక్ష ఒకటి, వ్యాక్యూమ్ (లోపలి గాలిని, తేమను పంపుతో లాగేయడం) ఒకటి జరగాలి. ఒకటి చేస్తే రెండోది కూడా చేసినట్టేనని కొందరు అనుకుంటారు, రెంటినీ ఎగ్గొట్టేవారు మరికొందరు. ఈసారి ఆ ఉత్తరాలనే ఒకచోట చేర్చాం.

ప్రశ్న: మార్చి నెలలో పడకగదికి టన్నున్నర ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ కొన్నాం. బిగించడానికి వచ్చిన ఇద్దరు అబ్బాయిలు గొట్టాలు కలిపాక, అవుట్‌డోర్ దగ్గర ఒక నట్టును కాస్త వదులు చేసి, గ్యాస్‌ను కొద్దిగా తెరిచి, బుస్సుమని నాలుగైదు సెకన్లు వదిలి, "గాలంతా పోయిందమ్మా" అంటూ మళ్లీ బిగించేశారు. ముప్పావుగంటలో పని అయిపోయింది. ఏసీతో వచ్చిన పుస్తకంలో మాత్రం వ్యాక్యూమ్ పంపుతో గాలి తీయాలని బొమ్మతో సహా ఉంది. అడిగితే "అది పెద్ద ఏసీలకమ్మా" అన్నారు. నిజమేనా? ఇప్పుడు నేనేం చేయాలి? (ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: నిజం కాదండీ. ఆ పుస్తకం మీ ఏసీతో వచ్చిందంటే అందులోని బొమ్మ మీ ఏసీ కోసం వేసినదే.

స్ప్లిట్ ఏసీకి కావలసిన గ్యాస్‌ను ఫ్యాక్టరీలోనే అవుట్‌డోర్ యూనిట్‌లో నింపి, రెండు వాల్వులు మూసి పంపుతారు. బిగించే సమయానికి గోడ మీది ఇండోర్ కాయిల్‌లోనూ, రెండు యూనిట్లనూ కలిపే సన్న గొట్టం, లావు గొట్టంలోనూ ఉండేది మీ గదిలోని గాలే. ఇండోర్ యూనిట్‌లో కంపెనీ కొంత పొడి వాయువు నింపి పంపినా, బిరడాలు తీసిన క్షణం నుంచి అక్కడా గది గాలే చేరుతుంది. దాన్ని పూర్తిగా తీసేశాకే వాల్వులు తెరిచి గ్యాస్‌ను లోపలికి రానివ్వాలి. గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ ఏసీలో ఉండే పీడనాల దగ్గర ద్రవంగా మారవు కనుక అవి అవుట్‌డోర్ కాయిల్‌లో చేరి చోటు ఆక్రమించుకుంటాయి. దానితో లోపలి పీడనం పెరిగి, అదే చల్లదనానికి కంప్రెసర్ ఎక్కువ కరెంటు తింటుంది.

అంతకన్నా మొండిది తేమ. పాత ఆర్-22 రకం గ్యాస్ ఏసీల్లో ఎక్కువగా వాడిన ఖనిజ నూనె తేమను పెద్దగా పీల్చుకోదు. ఇప్పటి ఆర్-410ఏ, ఆర్-32 ఏసీల్లో చాలావాటిలో వాడే పీఓఈ (పాలియోల్ ఈస్టర్) నూనె మాత్రం వానాకాలంలో మూత తీసి ఉంచిన ఉప్పు జాడీలాగా తేమను లాక్కుంటుంది. లాక్కోవడంతో ఆగకుండా, కంప్రెసర్ వేడికి ఆ నీటితో కలిసి ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం మోటారు చుట్టల మీది పూతను తినేస్తుంది, అప్పుడు పుట్టే జిగురు మడ్డి గ్యాస్ సన్నగా దూరిపోయే దారులను పూడ్చేస్తుంది. ఇదంతా నెమ్మదిగా జరిగే వ్యవహారం. మొదటి రోజు సాయంత్రం గది చక్కగా చల్లబడుతుంది, అబ్బాయిలు టీ డబ్బులు తీసుకుని వెళ్లిపోతారు, మూడో ఏడాదో నాలుగో ఏడాదో కంప్రెసర్ కాలిపోతే ఆ పాపాన్ని వోల్టేజీ మీదికి తోసేస్తాం. గ్యాస్ వదిలి గాలిని తోసేసే ఈ పర్జింగ్ అలవాటు ఇన్నాళ్లు బతికి ఉండటానికి కారణం అదేనని నా అభిప్రాయం.

బుస్సుమని వదిలినప్పుడు గాలిలో కొంత భాగం పోయే మాట నిజమే. గొట్టం లోపలి గోడకు పట్టుకుని ఉన్న తేమ పొర మాత్రం ఆ నాలుగు సెకన్లకు కదలదు. పైగా ఎంత గ్యాస్ పోయిందో ఎవరూ తూచరు. టన్నున్నర ఏసీలో మొత్తం ఉండేదే కిలోకు అటూ ఇటూ కనుక, పోయిన వంద గ్రాములు కూడా లెక్కలోకి వస్తాయి. ఆ వంద గ్రాములు ఆర్-32 అయితే భూమిని వేడెక్కించడంలో దాదాపు 67 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఆర్-32 కొద్దిపాటి మండే స్వభావం ఉన్నది కూడా, కాబట్టి బాల్కనీలో ఎవరైనా సిగరెట్ వెలిగించి ఉన్నప్పుడు చేయవలసిన పని కాదు.

ఇక మీరు చేయవలసింది. వారంటీ ఉంది కనుక వ్యాక్యూమ్ చేయలేదన్న విషయాన్ని కంపెనీ సేవా కేంద్రానికి రాతపూర్వకంగా తెలియజేయండి. సరైన మరమ్మతు ఏమిటంటే, ఉన్న గ్యాస్‌ను వేరే సిలిండర్‌లోకి తీసి, గొట్టాలను నైట్రోజన్‌తో పరీక్షించి, వ్యాక్యూమ్ చేసి, అవుట్‌డోర్ యూనిట్ మీది రేకుపై రాసిన బరువు ప్రకారం కొత్త గ్యాస్‌ను తూచి నింపడం. గ్యాస్‌ను అవుట్‌డోర్‌లోకే లాగేసి మళ్లీ అదే వదిలితే లోపలి గాలి కూడా దానితోపాటే వెళ్లి, దానితోపాటే తిరిగి వస్తుంది. మార్చి నెల పొడి వాతావరణంలో, పది అడుగుల గొట్టంతో జరిగిన పని కనుక మీరు భయపడవలసినంత ప్రమాదం ఇప్పటికిప్పుడు లేదు. ఇదే పని ఆగస్టు ముసురులో జరిగి ఉంటే ఒక్క వారం కూడా ఆగవద్దని రాసి ఉండేవాడిని.

ప్రశ్న: ఐటీఐ పూర్తి చేసి రెండేళ్లుగా ఒక ఏసీ దుకాణంలో పని చేస్తున్నాను. మా యజమాని నైట్రోజన్ సిలిండర్ కొనరు. "వ్యాక్యూమ్ పెట్టి పావుగంట వదిలేయ్, ముల్లు కదలకపోతే లీకు లేనట్టే" అంటారు. అయినా మేం బిగించిన ఏసీల్లో కొన్ని ఏడాది తిరగకుండానే గ్యాస్ లేక ఆగిపోతున్నాయి. తప్పెక్కడ ఉంది? (ఒక యువ మెకానిక్, కరీంనగర్)

జవాబు: మీ యజమాని మాటలో సగం నిజం ఉంది. వ్యాక్యూమ్ నిలవకపోతే లీకు ఉండవచ్చు. నిలిచినంత మాత్రాన లీకు లేదని చెప్పలేం.

లోపల పూర్తి శూన్యం చేసినా, గొట్టం లోపలికీ బయటికీ మధ్య ఉండే పీడన భేదం ఒక వాతావరణానికి, అంటే దాదాపు 14.7 పీఎస్‌ఐకి (చదరపు అంగుళానికి పౌండ్లు) మించదు. ఆ భేదం కూడా బయటి నుంచి లోపలికి నొక్కేదే. ఇప్పుడు గొట్టాల జాయింటు నిజంగా భరించవలసినది ఎంతో చూడండి. ఆర్-32 ఏసీ ఆగి ఉన్నప్పుడు లోపలి గ్యాస్ పీడనం చుట్టూ ఉన్న వేడిని బట్టి నిలుస్తుంది. 40 డిగ్రీల వద్ద అది సుమారు 345 పీఎస్‌ఐ, 45 డిగ్రీల వద్ద సుమారు 390. మే నెల మధ్యాహ్నం డాబా మీద ఎండలో ఉన్న అవుట్‌డోర్ పక్కన మీరు బిగించిన ఫ్లేర్ జాయింటు (గొట్టం మూతిని గరాటులా విప్పి నట్టుతో బిగించే అతుకు), ఏసీ ఆన్ చేయకపోయినా, ఆ పీడనాన్ని లోపలి నుంచి బయటికి మోస్తూనే ఉంటుంది. 14 పీఎస్‌ఐ దగ్గర కారని సన్న గీత 390 దగ్గర నెలకు పదుల గ్రాముల చొప్పున కారితే, ఏడాదికి ఏసీ దాదాపు ఖాళీ అవుతుంది.

అందుకే పొడి నైట్రోజన్ కావాలి. అవుట్‌డోర్ వాల్వులు రెండూ మూసే ఉంచి, లావు గొట్టం వాల్వు మీది సర్వీస్ పోర్టు నుంచి నైట్రోజన్ పంపండి. నిండు సిలిండర్‌లో దాదాపు 150 బార్, అంటే రెండు వేల పీఎస్‌ఐకి పైగా పీడనం ఉంటుంది కనుక రెగ్యులేటర్ లేకుండా గొట్టం తగిలించడం ఆత్మహత్యతో సమానం. మొదట 50 పీఎస్‌ఐ వరకు పెంచి ఆగి వినండి, బుస్సుమనే పెద్ద లీకులు అక్కడే దొరుకుతాయి. తరువాత 150 దగ్గర కాసేపు ఆగి, చివరికి 400 నుంచి 500 మధ్య నిలపండి. ఇండోర్ యూనిట్ రేకు మీద రాసిన గరిష్ఠ పీడనాన్ని మాత్రం ఏ పరిస్థితిలోనూ దాటవద్దు. ఆపైన నాలుగు ఫ్లేర్ నట్ల మీదా సబ్బు నురగ పూసి, వెనుకవైపు చిన్న అద్దం పెట్టి చూడండి, ఎందుకంటే బుడగ ఎప్పుడూ మనకు కనిపించని వైపే వస్తుంది. పని అయ్యాక నురగను తడిగుడ్డతో తుడిచేయండి. అమ్మోనియా కలిసిన శుభ్రతా ద్రవాలు మాత్రం వాడకండి, అవి ఇత్తడి నట్లను పగులగొడతాయి.

లీకు దొరికినప్పుడు ముందుగా నట్టును ఇంకా బిగిద్దామనే అనిపిస్తుంది. చాలావరకు లీకుకు కారణమే అతిగా బిగించడం. పావు అంగుళం నట్టుకు సుమారు 14 నుంచి 18, అర అంగుళం నట్టుకు 49 నుంచి 61 న్యూటన్-మీటర్ల బిగింపు చాలు. చేతి అంచనాతో రెండు స్పానర్లు పట్టుకుని వేలాడితే ఫ్లేరు పలచబడి చీలుతుంది. టార్క్ రెంచ్ కొనడం సిలిండర్ కన్నా ముందు చేయవలసిన పని. గొట్టం కోశాక లోపలి అంచున నిలిచే పదునైన రాగి పొట్టును రీమర్‌తో తీసేటప్పుడు గొట్టం మూతిని కిందికి వంచి పట్టుకోండి. లేకపోతే ఆ పొట్టు గొట్టంలో పడి నేరుగా కంప్రెసర్ దాకా ప్రయాణిస్తుంది.

మీ యజమానికి చెప్పవలసిన లెక్క ఒకటుంది. ఏడాదిలోపు తిరిగి వచ్చిన ఒక్కొక్క ఏసీకి మీ దుకాణం ఉచితంగా నింపిన గ్యాస్ ఖర్చు, మీరు పోయి వచ్చిన రోజు కూలీ ఒక పుస్తకంలో రాసి చూపించండి. సిలిండర్ ఎందుకు కొనాలో ఆయనే మీకు చెబుతారు.

ప్రశ్న: కొత్త ఇల్లు కట్టుకుంటున్నాం. ఏసీ గొట్టాలను గోడ లోపలే వేయించి, ప్లాస్టరింగ్‌కు ముందు 400 పీఎస్‌ఐ నైట్రోజన్ పెట్టించాను. సాయంత్రం పెట్టింది తెల్లవారేసరికి 387కి దిగింది. లీకు ఉన్నట్టా? మేస్త్రీ తొందరపెడుతున్నాడు. (ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: గేజి ఒక్కటే చూసి చెప్పలేం, రెండు వేళల ఉష్ణోగ్రతలు కూడా కావాలి. మూసిన గొట్టంలో వాయువు చల్లబడితే పీడనం తగ్గుతుంది. సాయంత్రం 38 డిగ్రీలు, ఉదయం 28 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. 400 గేజి పీడనానికి వాతావరణ పీడనాన్ని కలిపితే 414.7. దాన్ని 301తో హెచ్చించి 311తో భాగిస్తే (28, 38 డిగ్రీలకు 273 చొప్పున కలిపినవి ఇవి) సుమారు 401 వస్తుంది. తిరిగి వాతావరణ పీడనాన్ని తీసేస్తే మిగిలేది దాదాపు 387. మీ ఊళ్లో ఆ రాత్రి పది డిగ్రీలు తగ్గి ఉంటే గొట్టంలో లీకు లేదు. నాలుగైదు డిగ్రీలే తగ్గి ఉంటే ఉంది. గుర్తుకు సులువుగా, మూడు డిగ్రీలకు ఒక శాతం అనుకోండి. ఆ సాయంత్రం వేడిని రాసుకోలేదంటే మళ్లీ అదే వేళ వరకు ఆగి గేజి చూడండి, ముల్లు 400కు తిరిగి వస్తే ప్లాస్టరింగ్ మొదలుపెట్టించవచ్చు. మేస్త్రీ తొందరకు ఒక పగలు అడ్డుపడినా ఫరవాలేదు.

గోడ లోపల ఎక్కడా ఫ్లేర్ జాయింటు ఉండకూడదు. అతుకు తప్పకపోతే గ్యాస్ వెల్డింగ్ చేయించండి. ఆ సమయంలో గొట్టం లోపల సన్నగా నైట్రోజన్ ప్రవహిస్తూ ఉండాలి, లేకపోతే లోపల నల్లటి పొట్టు కట్టి తరువాత ఏసీలోకి రాలుతుంది. పరీక్ష అయ్యాక గొట్టాల చివర్లను వట్టి టేపు చుట్టి వదిలేయనివ్వకండి. మూతులు వెల్డింగ్‌తో మూయించి, లోపల కొంత నైట్రోజన్ నిలిపి ఉంచితే, ఏసీ బిగించే రోజున కోయగానే బుస్సుమంటుంది. ఆ చప్పుడు రాలేదంటే మధ్యలో ఎవరో మేకు కొట్టారన్నమాట. ప్లాస్టరింగ్‌కు ముందు గోడకు టేపు పెట్టి ఫొటోలు తీసుకోవడం అందుకే మంచిది.

ప్రశ్న: వ్యాక్యూమ్ ఎంతసేపు పెట్టాలి? ఒకరు పది నిమిషాలంటారు, మరొకరు అరగంటంటారు. మా మెకానిక్ గేజిలో ముల్లు సున్నా కింద 28 దాకా వెళ్లగానే ఆపేశాడు. (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: ఎంతసేపు అన్నది ప్రశ్నే కాదు, ఎంత లోతుకు అన్నదే ప్రశ్న. కందిపప్పు ఎన్ని నిమిషాలకు ఉడుకుతుందని అడిగితే పప్పును బట్టి, పొయ్యిని బట్టి అంటాం కదా, ఇదీ అంతే.

వ్యాక్యూమ్ పంపు తేమను నీటిచుక్కల రూపంలో లాగలేదు, ఆవిరి చేసి లాగుతుంది. పీడనం తగ్గితే నీరు తక్కువ వేడికే మరుగుతుంది. ప్రెషర్ కుక్కర్ చేసే పనికి ఇది పూర్తిగా తలకిందులు. 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో నీరు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోయి పప్పు ఉడకనివ్వదు. అదే పీడనాన్ని ఇంకా ఎంతో కిందికి దించితే 30 డిగ్రీల గది వేడికే నీరు మరుగుతుంది. అందుకు లోపల మిగలవలసిన పీడనం పాదరస మట్టంలో సుమారు 32 మిల్లీమీటర్లకు మించకూడదు. మీ మెకానిక్ చూసిన 28 అంగుళాల దగ్గర లోపల ఇంకా దాదాపు 49 మిల్లీమీటర్లు మిగిలే ఉన్నాయి. అంటే గొట్టంలో నీటిచుక్క ఉండి ఉంటే అది మరగడం మొదలే కాలేదు, ఆయన పంపు ఆపేశాడు.

ఈ పనికి వాడే కొలత మైక్రాన్. పాదరస మట్టంలో ఒక మిల్లీమీటరుకు వెయ్యి మైక్రాన్లు, మామూలు వాతావరణ పీడనం 7,60,000 మైక్రాన్లు. ఏసీ గొట్టాన్ని 500 మైక్రాన్ల దాకా దించాలి. మామూలు గేజి మీద ఒక్క అంగుళం గీతే 25,400 మైక్రాన్లకు సమానం కనుక, 500కు, 5,000కు ఉన్న తేడా ఆ ముల్లు లావులోనే కలిసిపోతుంది. డిజిటల్ మైక్రాన్ గేజి లేకుండా వ్యాక్యూమ్ అయిందని చెప్పడం, చేయి పెట్టి చూసి జ్వరం 101 అని చెప్పడం లాంటిది.

తేమ ఉన్న గొట్టానికి ఇంతసేపు ఎందుకు పడుతుందని అడిగేవారికి ఒక లెక్క. ఒక్క గ్రాము నీరు, 30 డిగ్రీల దగ్గర, 500 మైక్రాన్ల పీడనంలో ఆవిరిగా ఉంటే సుమారు 2,100 లీటర్ల చోటు పడుతుంది. నిమిషానికి రెండు ఘనపుటడుగులు, అంటే 57 లీటర్లు లాగే చిన్న పంపు దాన్నంతా ఆ పీడనం దగ్గరే లాగాలంటే అరగంట దాటుతుంది. పొడిగా ఉన్న పది అడుగుల గొట్టం పదిహేను, ఇరవై నిమిషాల్లోనే 500కు దిగితే దిగవచ్చు. వానలో తడిసిన గొట్టమైతే గంటకు కూడా దిగకపోవచ్చు, అప్పుడు పంపు నూనె పాలలాగా తెల్లబడుతుంది, దాన్ని మార్చాలి. అలాంటి గొట్టానికి కొంత దూరం వ్యాక్యూమ్ చేసి, పొడి నైట్రోజన్ నింపి, మళ్లీ వ్యాక్యూమ్ చేయడాన్ని రెండు మూడుసార్లు చేస్తే తేమ త్వరగా వదులుతుంది.

500కు చేరాక పంపు వైపు వాల్వు మూసి పది నిమిషాలు గేజిని చూడాలి. వెయ్యి దాటకుండా నిలిస్తే పని అయినట్టు. పదిహేను వందలకో రెండు వేలకో ఎక్కి అక్కడ ఆగిపోతే లోపల ఇంకా తేమ మరుగుతోందని అర్థం. ఎక్కడా ఆగకుండా ఎక్కుతూ పోతే గాలి దూరుతోందని అర్థం. కాకపోతే పాత గేజి పైపుల వాషర్లే కొన్నిసార్లు ఆ దొంగగా తేలతాయి. నేనే ఒకసారి రెండు గంటలు జాయింట్లను వెతికి వేసారి, చివరికి నా సొంత పసుపు పైపు వాషర్ చిట్లిందని కనుక్కున్నాను.

ప్రశ్న: నైట్రోజన్ దొరకనప్పుడు వెల్డింగ్ దుకాణం ఆక్సిజన్‌తో గానీ, టైర్ల గాలి కంప్రెసర్‌తో గానీ పరీక్షించవచ్చా? (ఒక పాఠకుడు, అనకాపల్లి)

జవాబు: ఆక్సిజన్ ఎప్పటికీ వద్దు. పీడనంలో ఉన్న ఆక్సిజన్ నూనెను తాకితే నిప్పు లేకుండానే పేలుతుంది, ఏసీ గొట్టంలో, ఫ్లేరు మీద, గేజి లోపల నూనె ఉండనే ఉంటుంది. టైర్ల గాలిలో తేమ నిండుగా ఉంటుంది, పైగా కావలసిన పీడనమూ అందదు. నైట్రోజన్ దొరికే రోజు వరకు పని ఆపండి.

ప్రశ్న: అద్దె ఇల్లు మారుతున్నాం. పాత ఇంటి నుంచి ఏసీ విప్పి, అవే గొట్టాలతో కొత్త ఇంట్లో బిగిస్తామన్నారు. ఫరవాలేదా? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: గొట్టాలు ఎక్కడా మడత పడకపోతే వాడవచ్చు, కానీ పాత ఫ్లేరులు రెండోసారి పనికిరావు. నాలుగు చివర్లలోనూ అంగుళమో రెండంగుళాలో కోసి కొత్తగా ఫ్లేరు చేయించండి. విప్పిన వెంటనే అన్ని మూతులకూ బిరడాలు పెట్టమనండి, లారీలో ప్రయాణించే ఆరేడు గంటల్లో గొట్టాలు తేమను, దుమ్మును తాగకుండా ఉంటాయి.

విప్పేటప్పుడు గ్యాస్‌ను అవుట్‌డోర్‌లోకి లాగడానికి సన్న గొట్టం వాల్వును మూసి కంప్రెసర్‌ను నడుపుతారు, దీన్ని పంప్ డౌన్ అంటారు. పీడనం సున్నాకు దగ్గరపడగానే లావు గొట్టం వాల్వు కూడా మూసి, వెంటనే కరెంటు తీసేయాలి. కంప్రెసర్ నడుస్తుండగానే ఏ నట్టునైనా వదులు చేస్తే అది బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. గాలి, నూనె ఆవిరి కలిసి కంప్రెసర్ లోపల నలిగితే డీజిల్ ఇంజనులో జరిగినట్టే మండి, డబ్బా పేలుతుంది. ఇలా మెకానిక్‌లు ప్రాణాలు పోగొట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. కాబట్టి గొట్టాలు విప్పే ముందు ఏసీ స్విచ్ ఆపడమే కాకుండా ఎంసీబీ కూడా దించారో లేదో మీరే వెళ్లి చూడండి.

కొత్త ఇంట్లో మళ్లీ నైట్రోజన్ పరీక్ష, వ్యాక్యూమ్ రెండూ మొదటి రోజు చేసినట్టే చేయాలి. కొత్త ఇంట్లో గొట్టం దూరం ఎక్కువైతే, పుస్తకంలో మీటరుకు ఇన్ని గ్రాములని రాసిన లెక్క ప్రకారం అదనపు గ్యాస్‌ను తూచి వేయించండి. ఈ పనులన్నీ కలిపే ముందుగా ధర మాట్లాడుకోండి, మైక్రాన్ గేజి తెస్తారో లేదో ఫోన్‌లోనే అడగండి.